ముప్పై ఆరు పాయింట్ నాలుగు

సోమవారం రెండో పీరియడ్ గంట
ఇంకా మోగుతూనే ఉంటుంది,
తలుపు జానెడు తెరుచుకుంటుంది.
ముందు చెప్పులు కనిపిస్తాయి, ఆకుపచ్చ అంచువి, నాలుగో తరగతివి.
ఆ తరువాత మినోరి.

"కడుపునొప్పి."

ఏ పక్కన అని అడగను.
ఇరవై రెండేళ్ళుగా ఈ బడి నర్సు గదిలో ఉన్నదాన్ని.
పిల్లల కడుపునొప్పికి పక్కలుండవు.

థర్మామీటరు చంకలో పెట్టుకుని
ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది,
అంకె పెరగాలని.
పెరిగితే బాగుండునని నాకూ ఉంటుంది.
జ్వరాన్నయితే అందరూ నమ్ముతారు.

ముప్పై ఆరు పాయింట్ నాలుగు.

ముప్పై ఏడున్నర దాటితే ఇంటికి,
లేకపోతే క్లాసుకి,
అని గోడమీద కాగితం.
రాసింది నేనే.
దానిమీద క్యాలెండరు తగిలించిందీ నేనే.

నీగాతా కొండల్లో ఫిబ్రవరి.
కిటికీ కింది సగమంతా మంచు,
పై సగంలో కాస్త ఆకాశం.
ఉతికి ఉతికి నీలం వెలిసిపోయిన తెర వెనక
మినోరి గోడవైపు తిరిగి పడుకుంటుంది.
నేను దూదిని ఉండలు చేస్తుంటాను.
ఇప్పటికే డబ్బా నిండా ఉన్నాయి ఉండలు.

చాలాసేపటికి, గోడతో అన్నట్టు,
"నాన్న మా కుక్కని తీసుకెళ్ళిపోయాడు."

దూది.

"దాని గిన్నె మర్చిపోయాడు."

అన్నీ సర్దుకుంటాయి అనే మాట
నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
"గిన్నె ఏ రంగు?" అన్నాను.

"పసుపు. ఒక చోట పెచ్చు లేచింది."

అంతే. నిద్రపోయింది.
మధ్యాహ్నం వరండాలోంచి కర్రీ రైసు వాసన రాగానే లేచి
దుప్పటి నాలుగు మడతలు పెట్టి
పరిగెత్తింది.

రిజిస్టరులో కారణం: కడుపునొప్పి.
చికిత్స: గోరువెచ్చని నీళ్ళు.
పసుపు గిన్నెకి అందులో గడి లేదు.

సాయంత్రం ఐదూ నలభై.
తలుపు మళ్ళీ జానెడు తెరుచుకుంది.
ఈసారి పెద్ద చెప్పులు.
ఇగరషి, మినోరి క్లాసు టీచరు,
ఉద్యోగంలో చేరి రెండేళ్ళు నిండలేదు,
చొక్కా చేతిమీద సుద్దపొడి.

"థర్మామీటరు ఒకసారి ఇస్తారా?"

పిల్లల స్టూలు మీద కూర్చున్నాడు,
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా.
ముప్పై ఆరు పాయింట్ నాలుగు.
"అయితే నాకేం లేదన్నమాట," అని నవ్వాడు.
నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

"పొద్దున కారు ఆపాను. దిగలేదు.
పదకొండు నిమిషాలు.
వైపర్లు అలా తిరుగుతూనే ఉన్నాయి."

"పదకొండని ఎలా తెలుసు?"

"లెక్కపెట్టాను.
లెక్కపెడితే దిగగలనేమోనని."

గోడవైపు మంచం చూపించాను.
కుందేళ్ళ బొమ్మల దుప్పటి
అతని పిక్కలదాకానే వచ్చింది.
కడుపులో దాచుకున్నది
చివరికి కడుపునే దేవుతుందని
ఈ మంచానికి తెలిసినంతగా
ఈ బడిలో ఎవరికీ తెలియదు.

తెర వెనకనుంచి అడిగాడు,
"మినోరి ఏమంది?"

"కడుపునొప్పి అంది."

నా నోట్లో నువ్వుగింజ నానాలి.
నా ఉద్యోగంలో సగం అదే.
"రేపు మీరే అడగండి," అన్నాను.
"ఏం జరిగిందని కాదు.
ఏ రంగంటే ఇష్టమని."

అతనికి అర్థం కాలేదు. పర్వాలేదు.
నిద్ర పట్టింది.

టీచర్లకి రిజిస్టరు ఎవరూ ఇవ్వలేదు.
చివరి పేజీలో స్కేలుతో నేనే గీతలు గీశాను.
మొదటి వరసలో: వైపర్లు, పదకొండు నిమిషాలు.
రేపు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాలి.
ముప్పై ఒక్కమందికి ఒక్క మనిషి చాలడని
నాలుగోసారి చెప్పాలి. ఈసారి కూర్చుని చెప్పాలి.

రెండో వరసలో నా పేరు రాసుకున్నాను.
కారణం దగ్గర పెన్ను ఆగింది.
స్టవ్ మీద కెటిల్ మూత
టకటకమంటోంది.

మంచు, అని రాశాను.
కొట్టేశాను.
తెర అవతల అతను నిద్రలో పక్కకి తిరిగాడు.
కుందేళ్ళు ఒక్కసారి కదిలి
మళ్ళీ సర్దుకున్నాయి.