రిజెక్టు బండ మీద విశాఖపట్నం

పాలిష్ మిషన్ ఆపినాక గూడా కాసేపు
చెవుల్లో అది తిరుగుతానే ఉంటాది.
"సముద్రం ఇట్లే అరుస్తాదంట" అంటాడు కుళ్లాయప్ప,
"పగలూ రాత్రీ.
కరెంటు పోయినా ఆగదంట."

తాడిపత్రిలో మా ఫ్యాక్టరీ వెనక
అంచు విరిగిన నల్లబండ ఒకటి గోడకు ఆనించి ఉండేది.
ఎవురూ కొనరు. దాని మీదనే మా విశాఖపట్నం.
పదో తరగతి దాకా పోయినదాన్ని నేనొక్కదాన్నే,
సుద్దముక్క నా చేతికిచ్చినారు.

ఏడుగురం. వారానికి మనిషికి యాభై.
ఉగాది నుంచి ఎత్తిపెట్టిన దుడ్లు
మారెక్క ఇంట్లో పసుపుడబ్బాలో ఉండాయి,
నోట్లన్నీ పచ్చగా, పేరంటానికి పోయొచ్చినట్ల.

మొదట నాలుగు రోజులని రాసినా.
ఓనరు లీవు మూడే అన్నాడు.
అరకు కొండలను తడిగుడ్డతో తుడిచేసినా.
చిన్నోబులేసు రెండు దినాలు నాతో మాట్లాడల్యా,
సొరంగాల్లో దూరిపోయే రైలు కోసమే గదా
వాడు బీడీలు మానుకున్నది.

గుంతకల్లులో రాత్రి ఎక్కల్ల, అంతవరకూ అందరిదీ ఒకే మాట.
దిగినాకనే గొడవ.
"సింహాచలం ముందు. దేవుణ్ణి చూడకుండా
నీళ్లల్లో దిగేది యాడన్నా ఉందా?" మారెక్క.
దస్తగిరమ్మకు ఓడ చూడల్ల. పెద్దది.
మన బండ అరచేతంత ముక్క తొట్లో వేస్తే బుడుంగుమంటాదే,
అంత ఇనుము ఎట్ల తేలుతాదో దగ్గిర నిలబడి చూడల్ల.
మునిగే ఓడ గూడా ఒడ్డున పెట్టినారు, టికెట్టుంది అంటే
గంగులప్ప లేచినాడు:
"మునిగేది చూసేకి దుడ్లిచ్చి అంతదూరం పోవల్లనా?
నాలుగు బోర్లేసి మునిగినోన్ని ఇక్కడే ఉండా,
ఉత్తగనే చూడండి."

రొట్టెలు మూడు రోజులకు. ఊరిబిండి సీసాలో.
చేపలు చవగ్గా దొరకతాయంట, వండేది యాడ?
ఈ ప్రశ్నకు సుద్దతో సున్నా చుట్టి వదిలేసినా.

తుడిచినప్పుడల్లా
తడి ఆరేలోపల బండలోంచి గీతలు లేస్తాయి,
ఒకదాని వెనక ఒకటి, వంకరగా.
ఒకప్పుడు ఇదంతా నీళ్లడుగేనని
కొలతలకొచ్చిన ఇంజనీరు ఎప్పుడో చెప్పిపోయినాడు.
పెన్నలో ఇసుక తప్ప చూడనోళ్లం, నవ్వినాం.
మారెక్క నవ్వల్యా.
"అట్లయితే అదే ముందు మన ఊరికొచ్చి పోయింది," అనింది.
"మర్యాదకన్నా మనం ఒకసారి పోవల్ల గదా."

బేస్తవారం పొద్దున వచ్చి చూస్తే గోడ ఖాళీ.
రాత్రి లోడుకు నాలుగడుగులు తక్కువొస్తే
హమాలీలు దాన్నీ ఎత్తి లారీలో పెట్టినారంట.
యాడికి పోయిందని అడిగితే
గుమాస్తా వేలు తడుపుకుంటా బిల్లుబుక్కు తిప్పి
"మద్దిలపాలెం... విశాఖపట్నం" అన్నాడు.

"టికెట్టు ల్యాకుండా పోయింది, దొంగది!"
గంగులప్పకు నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.
యా ఇంటికి మెట్టవుతాదో, యా వంటింట్లో గట్టవుతాదో.
ఆ మేస్త్రీ నీళ్లుపోసి కడిగే ముందు
చదువుతాడో ఏమో:
మారెక్క దేవుణ్ణి, దస్తగిరమ్మ ఓడను,
చేపల పక్కన సున్నాను,
కింద మూలకు, మిగతా ఆరుగురికీ కనపడకుండా
నాకోసం నేను రాసుకున్నదాన్ని:
మూడో రోజు, సాయంత్రం, అర్ధగంట, ఊరికే.

ఇంకో విరిగిన బండ దొర్లించుకోనొచ్చినాం.
ఒకటో రోజు అని రాస్తాంటే
దస్తగిరమ్మ పక్కన కూచోని అరచేతులు తెరిచింది.
రాతిబురదకు పగిలిన చేతులు,
గీతలకూ పగుళ్లకూ తేడా తెలియదు.
"ఉప్పునీళ్లు తగిలితే మండుతాదా పాపా?"

నాకేం తెలుసు.
తెలిసినోడు లారీ డ్రైవరొక్కడే, వాడింకా రాల్యా.
సింహాచలం కన్నా పైన, అన్నిటికన్నా పైన
కొబ్బరినూనె అని రాసినా.