ఎవరూ పంపని ఫైలు

శిక్షణ అన్నారు. హాజరు తప్పనిసరి అన్నారు.
గ్రోనింగెన్‌లో అక్టోబరు వాన.
కాలవ గట్టున సైకిళ్ళు ఆనించి
తడిసిన ప్యాంట్లతో పన్నెండుమందిమి, మూడో అంతస్తులో.
తెర మీద ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మ వస్తుందనుకున్నాం.
రాలేదు.

హిల్యే వచ్చింది.
సంచీలోంచి కరెంటు మీటరు ఒకటి తీసింది,
వంటింటి గోడకు గుచ్చుకునే రకం.
దాన్ని నా ల్యాప్‌టాప్ తీగకీ గోడకీ మధ్య దూర్చింది.
తర్వాత రెండంగుళాల గాజుబిళ్ళ తీసి
బల్ల మీద పెట్టింది. దాని సంగతి చెప్పలేదు.

"మీ ప్రోగ్రాము నడపండి."
పదకొండు వాట్లు. ఇరవై ఆరు. నలభై ఒకటి.
తొమ్మిదేళ్ళుగా నేను రాస్తున్న అక్షరాలకి
ఆకలేస్తుందని అప్పుడే చూశాను.
"నీ కోడు తిండిపోతు" అని నవ్వాడు యోరిట్.
వాడిది నడిపితే యాభై మూడు.
ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

మాకు వేగం నేర్పారు.
వేలు తగలగానే బొమ్మ విచ్చుకోవాలని నేర్పారు.
ఇది ఎంత తింటుంది అని
ఏ తరగతిలోనూ ఏ మాస్టారూ అడగలేదు.
ఒక మనిషి జీతం చీటీ అచ్చేయడానికి
కంపెనీ జాబితా అంతా మొదట్నుంచీ చదివే వరస రాశాను నేను,
గోటితో పోయేదానికి గొడ్డలి.
గొడ్డలి చప్పుడు చేయదు గనక
ఇన్నాళ్ళూ నన్ను మంచి పనివాళ్ళలో లెక్కేశారు.

మధ్యాహ్నం రొట్టె, చీజు, గ్లాసుడు మజ్జిగ.
ఆ తర్వాత చిట్టా తెరిచాం:
మనం నిద్రపోయాక మన యంత్రాలు ఏం చేస్తాయి?
అక్కడుంది, నా పేరుతోనే.
నిమిషానికోసారి లేచి
ఒక అర తెరిచి చూసే చిన్న పని:
జుట్‌ఫెన్ గిడ్డంగి నుంచి హాజరు ఫైలు వచ్చిందా?
రాలేదు. పడుకో. లే.
వచ్చిందా? రాలేదు.
ఆ గిడ్డంగి మూతపడి ఆరేళ్ళు.
ముప్పై ఒక్క లక్ష సార్లు అర తెరిచింది.
నేను మర్చిపోయాను. అది మర్చిపోలేదు.
దానికి మర్చిపోవడం నేను రాయలేదు.

తీసేయడానికి ఒక్క మీట చాలు.
అయినా వేలు కాసేపు ఆగింది,
సిగ్గో, జాలో.

"ఎంత మిగిలింది?" తలుపు దగ్గర్నుంచే బౌవినా, మా మేనేజరు.
లెక్క కట్టాం. ఏడాదికి,
ఒక కెటిల్ నెల్లాళ్ళు రెండు పూటలా కాచినంత.
"అంతేనా?"
కాస్త ఆలోచించి,
"సరే, ఆ ఖాళీలో కొత్త కబుర్ల యంత్రాన్ని పెడదాం" అంది,
గడియారం చూసుకుని వెళ్ళిపోయింది.
గదిలో మీటరు అంకెలు మాత్రం మారుతున్నాయి.

అప్పుడు హిల్యే గాజుబిళ్ళ ఎత్తింది.
"మా ఇల్లు లోపర్సమ్‌లో.
కింద గ్యాసు తోడారు, పైన నేల వణికింది.
పడమటి గోడ నెర్రె ఇచ్చింది.
నెర్రె మీద ఇలాంటిది అంటిస్తారు.
ఇది గోడని ఆపదు.
గోడ ఇంకా కదులుతోందో లేదో చెబుతుంది, తను విరిగి.
నాన్న పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్ళి చూసి
నోటుపుస్తకంలో తేదీ రాసేవాడు.
మొదటిది పధ్నాలుగు రోజులు ఆగింది.
గోడ పాతదండీ అన్నారు, వచ్చినవాళ్ళు.
మా దగ్గర తేదీలున్నాయి."
అంతే. నీతి చెప్పలేదు.
సంచీ సర్దుకుని ఐదింటి రైలుకి వెళ్ళింది.
మీటరు మర్చిపోయింది,
లేదా మర్చిపోయినట్టు వదిలేసింది.

గురువారం కబుర్ల యంత్రం పత్రం నా బల్ల మీదికి వచ్చింది.
నలభై పేజీలు. రంగు, గొంతు, మర్యాద,
కోపంగా ఉన్న ఉద్యోగితో ఎలా మాట్లాడాలి, అన్నీ ఉన్నాయి.
మొదటి పేజీ అంచున రాశాను:
ఇది ఎంత తింటుంది?
తేదీ వేసి పైకి పంపాను.

ఇప్పుడు పొద్దున్నే, కోటు విప్పకముందే,
ఉత్తరాల అర తెరుస్తాను.
వచ్చిందా?
రాలేదు.
రేపు మళ్ళీ చూస్తాను.
నన్ను తీసేసే మీట
బౌవినా దగ్గర ఉందని తెలుసు.