రెండు వైపులా

ఒంగోల్లో ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు కెదురుగా
రేకుల కింద నా జిరాక్సు మిషను.
బోర్డు మీద మస్తాన్‌వలిలో వలి వెలిసిపోయింది.
మస్తాన్ చాలు జనానికి.

పదింటికల్లా బస్సులు దించేసి పోతాయి
కనిగిరినీ పామూరునీ సీఎస్ పురాన్నీ.
చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో పదో తరగతి.
పట్టుకున్న తీరు చూసి చెప్తాను
ఎవరు కొత్తో, ఎవరు రెన్యువలో.
కొత్తోళ్ళు పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు,
పాతోళ్ళు కరెంటు బిల్లు పట్టుకున్నట్టు.

"రెండు వైపులా తియ్యన్నా" అంటారు.
కార్డుకు ముందువైపు పేరు, పుట్టిన తేదీ, చదువు.
వెనకవైపు గళ్ళు, మూడేళ్ళకో ముద్ర.
ముందువైపు ఎవరిదైనా ఒకటే.
మనిషి ఉండేది వెనకవైపు.

చీమకుర్తి మాల్యాద్రివి ఆరు ముద్రలు.
మొదటి ముద్ర నాటికి మీసం సరిగా రాలేదు,
ఆరోదానికి మీసంలో రెండు తెల్లవి.
గ్రానైట్ పొడి చేత్తో కార్డు పెట్టాడు అద్దం మీద,
కాపీలో వాడి పేరు నిండా తెల్ల చుక్కలు.
తుడిచి మళ్ళీ తీస్తానంటే
"పోనీలేన్నా, నాకున్న ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అదే" అన్నాడు.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడు
వెంగమ్మ వచ్చింది ఏడో తరగతి టీసీతో.
నాలుగు మడతలు, మడతల్లో అరిగిన అక్షరాలు.
"ఎంతమంది పిల్లకాయలు దిద్దుంటారో నేను కోసిన పలకల మీద,
నా పేరొక్కటి కనపడేట్టు తియ్యి నాయనా."
నలుపు పెంచి తీశాను.
మడతలు బాగా పడ్డాయి.

కాల్‌లెటర్ రావడం కూడా చూశాను, రాదని కాదు.
అటెండరు పోస్టొకటి, పిలిచింది ఇరవై మందిని.
పొదిలి పెంచలయ్య పోయొచ్చి
బస్సు చార్జీ పైసాతో సహా లెక్క చెప్పాడు,
ఇంటర్వ్యూ సంగతి చెప్పలేదు.

ఇప్పుడు మేళాలు.
కందుకూరు కాలేజీ గ్రౌండులో షామియానాలు, మైకు,
నాయుడుపేట అవతల నుంచి సెల్‌ఫోన్ల కంపెనీ,
రొయ్యల ప్లాంటు, ఏసీ బట్టల షాపులు.
మిషను ఆటో కెక్కించుకుని నేనూ పోయా.
మధ్యాహ్నానికే టోనరు ఖాళీ.
ఈతముక్కల ప్రసూన పరిగెత్తుకుంటా వచ్చింది
ఆఫర్ లెటర్ తడవకుండా చున్నీలో చుట్టుకుని. చెమట.
"నాలుగు తియ్యన్నా. అమ్మకొకటి, మా మాస్టారికొకటి,
బాకీ ఉన్న కొట్టాయనకొకటి.
ఇది నీకు, గోడకంటించు."

నాలుగు నెలలకు మళ్ళీ నా రేకుల కిందే నిలబడింది
రెన్యువల్‌కి.
అడగలేదు నేను.
గోడ మీద కాగితం పీకబోతే తనే ఆపింది.
"ఉండనీ అన్నా,
నా పేరు స్పెల్లింగు తప్పులేకుండా పడింది దాన్లోనే."

ఆఫీసు లోపల కిటికీ వెనక ముద్రలేసేది కృపానందం.
రోజుకు వందమందికి "మూడేళ్ళకు రండి" అని చెప్పే గొంతు.
మొన్న అయిదు దాటాక, జనం పల్చబడ్డాక,
రోడ్డు దాటి వచ్చి కార్డొకటి అద్దం మీద పెట్టాడు.
చూస్తే ఫొటో వాడిదే.
"అవుట్‌సోర్సింగ్ కదన్నా, మార్చితో అయిపోద్ది."
వెనకవైపు సంతకాలు వాడివే,
ముద్ర కూడా వాడి చేతిదే, కాస్త వంకరగా.
డబ్బులొద్దన్నాను.
తీసుకునుంటే బాగుండేది, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

సర్కారు లెక్కల్లో ఉండదు గానీ
ఈ ఆఫీసు పుణ్యాన పని దొరికినోళ్ళు
ఈ వీధిలో ఇద్దరం,
నేనూ, టీ బంకు శేషమ్మా.

నాకూ ఉంది కార్డు.
పేపరు ట్రే అడుగున, రబ్బరుబ్యాండు వేసి.
వెనక గళ్ళు నిండిపోయి చాన్నాళ్ళయింది.
వేరే కాగితం అతికించి తెమ్మన్నాడు కృపానందం.
గమ్ము నా దగ్గరే దొరుకుద్ది,
సీసా పది రూపాయలు.