గిలక

మొదటి సైకిలు బొగ్గుల కొట్లో పోయింది.
తాళం తాళంలాగే ఉంది, తలుపు చెక్కే లేదు.
రెండోది మెట్ల కింద, చెత్తడబ్బాల పక్కన.
ముందు చక్రం ఒక్కటే మిగిలింది
కమ్మీకి గొలుసుతో కట్టేసి,
మిగతా సైకిలు వస్తుందేమోనని చూస్తున్నట్టు.

బొగ్లార్కా ఏడవలేదు.
ఆ చక్రం భుజాన తగిలించుకుని మెట్లెక్కుతూ
నా గుమ్మం ముందు ఆగి
"డెజో బాబాయ్, దీన్నేం చేసుకోను?" అంది.

తెల్లారగట్ల నాలుగింటికల్లా రొట్టెల బట్టీ దగ్గరుండాలి తను.
ఆ వేళకి యోజెఫ్‌వారోష్‌లో మా ట్రాము ఇంకా నిద్రే లేవదు.
మూడోది అప్పు చేసి కొంది.

వరండాలో పెడితే కెలెమెన్ గారి భార్య చీటీ అంటించింది:
దారికి అడ్డం, నిప్పంటుకుంటే పూచీ ఎవరిది?
లోపల పెడదామంటే
ఇల్లు ఇరకటమన్న సామెతలో సగమే ఆ గది.
మంచం, పొయ్యి, వంటింట్లోనే స్నానాల తొట్టి,
తొట్టి మీద పలకేస్తే అదే భోజనాల బల్ల.
వారం రోజులు సైకిలు మంచానికి ఆనుకుని పడుకుంది.
పెడలు తగిలి మోకాలి మీద నీలం మచ్చ.

నేను ముప్పై ఏడేళ్ళు లిఫ్టులు బాగుచేసినవాణ్ణి.
స్థలం లేదు అనే మాట నాకు ఎక్కదు.
నేల మీద లేకపోతే పైన ఉంటుంది.

బల్లెక్కి, వేలి కణుపుతో కప్పు తట్టాను.
ఇటుక, ఇటుక, ఇటుక,
ఇనప దూలం దగ్గర గొంతు మారింది.
అక్కడ కొక్కెం దిగేశాను.
గిలక మా ఇంటిదే.
గిజెల్లా దుప్పట్లు ఆరేసే దండేనిది.
మూడేళ్ళుగా దాని మీద ఆరింది దుమ్మొక్కటే.

సైకిలు పదమూడు కిలోలు.
సరితూకానికి ఏం కట్టాలా అని ఇల్లంతా వెతికి,
లాండ్రీలో పని మానేసిన రోజున తను మోసుకొచ్చిన
పోత ఇనుము ఇస్త్రీపెట్టెలు రెండూ తీశాను.
తూస్తే పన్నెండున్నర.
మిగిలిన అరకిలో ఆ పిల్ల చెయ్యి చూసుకుంటుంది.
తాడు బదులు ఉక్కుతీగ, నా పాత సంచిలోది.
గోడ దగ్గర కొసకి తాళం.

సైకిలు ఇప్పుడు తొట్టి మీద వేలాడుతుంది.
వానలో తడిసొస్తే నీళ్ళు తొట్టిలోకే కారతాయి.
స్నానం చేస్తుంటే గొలుసు నుంచి నల్లటి చుక్క
భుజం మీద పడుతుందట.
నవ్వుతూ చెప్పింది.
నాకే సిగ్గేసి కిటికీలోంచి బయటికి చూశాను.

మూడుం ముప్పావుకి నా కప్పు పైన కిర్రు.
ఇస్త్రీపెట్టెలు పైకి, సైకిలు కిందికి.
తర్వాత మెట్ల మీద బరువైన అడుగులు,
తర్వాత వీధి తలుపు.
అప్పుడు అటు తిరిగి పడుకుంటాను.

నవంబరులో ఒక ఆదివారం
తను సోల్నోక్‌లో అమ్మ దగ్గరుంది.
రాత్రి రెండింటికి గిలక కిర్రుమంది.

ఒక్కసారే.
మళ్ళీ సగం.

అరవబోయాను, గొంతు పెగల్లేదు.
ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.
చీపురుకర్ర అందుకుని కప్పుని పొడిచాను,
సున్నం రాలి కళ్ళలో పడేదాకా పొడిచాను.
పైన ఏదో దబ్బున పడింది.
వరండాలో పరుగు, రెండు జతల కాళ్ళు.

తెల్లారి చూస్తే
కెలెమెన్ గారి మనవడి స్కూటరు లేదు,
మొదటి అంతస్తు విద్యార్థుల సైకిళ్ళు లేవు.
బొగ్లార్కా తలుపు వారగా తెరిచి ఉంది.
తొట్టి పలక మీద బూటు ముద్ర.
ఇస్త్రీపెట్టెలు గోడకి రాసుకున్న గీత.
పైన సైకిలు,
కొంచెం పక్కకి వాలి.

తాళం మార్చింది, తలుపుకి అడ్డగడియ వేయించింది.
ఆ పనికి నన్ను పిలవలేదు,
కుర్రాడెవరో వచ్చి గంటలో చేసిపోయాడు.

నిన్న కిందికొచ్చి
"గిలక మరీ కిర్రుమంటోంది బాబాయ్,
కాస్త నూనె ఉందా?" అంది.
అయిపోయిందన్నాను.
సీసా నా వెనకే, కిటికీ గట్టు మీద ఉంది.
తనూ చూసే ఉంటుంది.