పోలిక

పోరిరువాలో దక్షిణపు గాలి కొట్టిన వారం
మసీనా గొంతు బొంగురుపోయింది.
ఆదివారం చర్చిలో, పాటల వరసలో నిలబడి
పెదవులు మాత్రం కదిపిందట.
మంగళవారానికి తగ్గింది.
ఎవరూ గుర్తు పెట్టుకోలేదు,
ఒక్క నెత్తురు తప్ప.

గొంతులో దిగిన గొలుసు సూక్ష్మజీవుల
ఒంటిమీది నూగును తడిమి
ఆనవాళ్లు రాసుకుంది నెత్తురు:
ఇంత పొడవు, ఇలాంటి మెలి,
ఈ మలుపు దగ్గర ఈ నొక్కు.
సూక్ష్మజీవులు చచ్చాయి. కాగితం చావలేదు.
ఊరు సద్దుమణిగినా లాంతరు దించని తలారిలా
మూడు వారాలు ఒళ్లంతా తిరిగింది.

మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారంటారు కదా.
గుండె తలుపుల నేతలో
అదే మెలి,
ఆ మలుపు దగ్గర అదే నొక్కు.

ముందు మోకాలు వాచింది. అది తగ్గేలోగా మోచెయ్యి.
వాళ్లు అద్దె ఇళ్లు మారినట్టే
కీలు నుంచి కీలుకి మారింది నొప్పి.
నెట్‌బాల్‌లో పడి ఉంటుందిలే అనుకుంది వాళ్లమ్మ.
స్టెతస్కోపు పెడితే
లబ్‌కీ డబ్‌కీ మధ్య సన్నటి ఊదు:
సరిగా పడని తలుపు సందులో గాలి.

నేను బడి నర్సుని.
ఇరవై ఎనిమిది రోజులకోసారి వస్తాను,
పాలలా చిక్కటి మందుని
అరచేతుల మధ్య దొర్లించి వెచ్చబెడతాను.
ఈ మందు నెత్తురుకి బుద్ధి చెప్పదు.
ఆ మొహం మళ్లీ కంటపడకుండా చూస్తుంది, అంతే.
ఇరవై ఒకటి నిండేదాకా.
"ఇంకా నూట పదిహేడు" అంటుంది మసీనా,
తలగడ కొరుకుతూ.

ఇంట్లో ముందుగదిలో అయిదు పరుపులు,
కిటికీ కింద గోడ మీద నల్లటి బూజు మచ్చ.
తుడిస్తే వారానికి మళ్లీ వస్తుంది.
లుపే ముసలమ్మ మనవరాలి గడ్డం పట్టుకుని
"అచ్చం మా చెల్లెలి పోలిక" అంది.
"మా దీవిలో పోయింది, పదిహేనో ఏట.
ఆయాసం అన్నారు."
ఏం ఆయాసమో అప్పుడెవరూ అడగలేదు.
నేనూ అడగలేదు. సూది మూత తీశాను.

"నా నెత్తురుకి నా మీద కోపమా?"
"లేదు."
"మరి?"
"నిన్ను కాపాడుతున్నాననే అనుకుంటోంది."

కాసేపు ఆలోచించింది.
"అయితే ఈసారి ఎడమవైపు వెయ్యి,"
అంది, "కుడివైపు ఇంకా నొప్పిగానే ఉంది."