నీళ్ళు గట్టిపడే దాకా

నవంబరు పద్దెనిమిది. అర్వియాట్.
సముద్రం ఇంకా సముద్రంగానే ఉంది.
రాత్రి కాపలా నాది. నాలుగు చక్రాల బండి, టార్చి,
జేబులో అరడజను టపాకాయ తూటాలు,
ఫ్లాస్కులో ఉలాయుక్ నాయనమ్మ పోసిచ్చిన నల్లటీ.

"దాని పేరెత్తకు" అంటుంది నాయనమ్మ ప్రతిసారీ,
"దాని ముందు గొప్పలు పోకు. ఎక్కడున్నా వింటుంది."
అందుకే రేడియోలో నేను చెప్పేది ఇంతే:
చెత్తకుప్ప వెనక, ఇద్దరు. తల్లీ బిడ్డా.

జులైలో ఆఖరి మంచుపలక కాళ్ళకింద కరిగిపోయి
ఒడ్డుకు ఈదుకొచ్చిన రోజున
ఆమె వీపు బల్లపరుపుగా ఉండి ఉంటుంది.
ఇప్పుడు నడుస్తుంటే తోలు అటూ ఇటూ ఊగుతోంది,
అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా.
నాలుగు నెలలుగా నాచు, గడ్డిపరకలు, ఓసారెప్పుడో బాతుగుడ్లు.
అవి తిండి కాదు, నోటికి పని.
పిల్ల మాత్రం తాగుతూనే ఉంది
కొవ్వులాంటి చిక్కటి పాలు.
ఎక్కడివా పాలు?
మే నెలలో తిన్న సీళ్ళవి.
పోయిన వసంతాన్ని కొంచెం కొంచెంగా కరిగించి పోస్తోంది.

తెల్లదంటారు బయటివాళ్ళు.
నుటారాక్ బాబాయి తోలు ఒలిచిన రోజు దగ్గర్నుంచి చూశాను:
వెంట్రుకకు రంగే లేదు, గాజుపోగు.
పాయ తీస్తే కింద చర్మం బొగ్గు నలుపు.
కాలేయాన్ని కుక్కలకైనా వేయలేదు బాబాయి,
రాయి కట్టి నీళ్ళలో వదిలాడు.
"అన్నీ ఇచ్చి, ఒక్కదాంట్లో విషం దాచుకుంది" అన్నాడు,
మెచ్చుకుంటున్నట్టే.

నాయనమ్మ వాళ్ళ నాన్న
సీలు ఊపిరి తీసుకునే బెజ్జం దగ్గర నడుం వంచి నిలబడేవాడట,
కాళ్ళకింద తోలుముక్క వేసుకుని,
వచ్చిన తుమ్మును కూడా మింగేసి, పొద్దుగూకే దాకా.
ఎవరు నేర్పారని అడిగితే
నాయనమ్మ గడ్డం ఉత్తరానికి ఎత్తుతుంది.
నేర్పినవాళ్ళు జీతం అడగలేదు.
అప్పుడప్పుడూ ఓ కుక్కనో, ఓ మనిషినో తీసుకున్నారు.

బడి గోడ వంద అడుగులే ఉంది.
పేల్చక తప్పదు. పేల్చాను.

ఆమె పరుగెత్తలేదు.
అంత కోటు కింద పరుగెడితే ఒళ్ళు కాగిపోతుంది,
ఖర్చు పెట్టడానికి కొవ్వూ మిగల్లేదు.
ముక్కెత్తి ఒక్కసారి నన్నంతా చదివేసింది,
టీ, పెట్రోలు, భయం.
తర్వాత నీళ్ళ దిక్కు నడిచింది.

తెల్లారి గాలి వాయవ్యానికి తిరిగింది.
నీటిమీద మొదట జిడ్డు, ఆపైన జావ,
ఆపైన అంచులు లేచిన అట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
ఆరో రోజుకి నాయనమ్మ ఈటెకొనతో పొడిచి చూసింది.
ఒక్క పోటుకే నీళ్ళొస్తే వెనక్కి,
మూడు పోట్లకీ రాకపోతే ముందుకి. అదీ లెక్క.
రెండో పోటుకి వచ్చాయి.
"ఆగు" అంది.

మాకన్నా ముందు ఆమె దిగింది.
పొట్టమీద పడుకుని, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు చాపి
ఉన్న బరువంతా పరిచేసి పాకింది.
లేత ఉప్పుమంచు విరగలేదు, వంగింది.
వెనకాలే పిల్ల,
దానికి ఆ అవసరం లేకపోయినా, అదీ పాకుతూ.

ఎందుకో అంకెలు లెక్కపెట్టాను.
నూటపదకొండు దగ్గర ఇద్దరూ కనబడ్డం మానేశారు.

నాయనమ్మ ఫ్లాస్కు మూత బిగించింది.
"బండి ఇంటికి తిప్పు" అంది. "రేపు మనం."