సీసాలో దూది

మందు కొత్తగా మొదలుపెట్టే ఆడమనిషికి
నేను ముందు చెప్పేది దూది గురించే.
మూత తీసి మాత్రల మీద ఇంత దూది కుక్కుకో దేశమ్మా,
యాదమరి బస్సు ఎంత ఎగిరినా
సంచిలో గలగలమనదు.
మిగతావన్నీ డాక్టరమ్మ చెప్తాది:
రోజుకొక మాత్ర, ఒకే వేళకి, ఊపిరున్నన్నాళ్లూ.
దూది సంగతి ఏ ట్రైనింగులోనూ చెప్పరు.
నాకు సెల్వి చెప్పింది.
సెల్వికి మందు మార్చాల్సొచ్చిన ఏడాది
ఆ మందు చెన్నైలో ఉండింది,
ఆమె కొంగుముడిలో బస్సుచార్జీ లేదు.

చిత్తూరు పెద్దాసుపత్రి, చివరి గది.
బోర్డుకు ఎదురుగా ఉన్న బెంచీని
నాలుగడుగులు పక్కకి జరిపింది నేనే.
అక్కడ కూర్చుంటే
కంటి పరీక్షకొచ్చినామని చెప్పుకోవచ్చు.
పన్నెండేళ్లలో నేను చేసిన పెద్ద పని
అదేనేమో అనిపిస్తాది ఒక్కోసారి.

దేశమ్మ మామిడిరసం ఫ్యాక్టరీలో
బెంగళూరా కాయలు కోసేది.
సొనకు వేళ్లన్నీ పొక్కిపోయినా
అక్కడ ఆమెకు గ్లౌజులిచ్చినోళ్లు లేరు.
కాన్పు గదిలో మాత్రం ఆమెను తాకడానికి
ఒక్కొక్కరు రెండేసి జతలు తొడుక్కున్నారు.

కడుపుతో ఉన్నోళ్లకే కదా ముందు సూది.
ముందు రక్తమిచ్చింది ఆమె,
ముందు తేలింది ఆమెకు,
కాబట్టి తెచ్చింది కూడా ఆమేనని
అత్తగారింటి అరుగు మీద తీర్పైపోయింది.
ఆ తీర్పు చెప్పినోళ్లలో
ఒక్కడూ చెయ్యి చాపలేదు సూదికి.

మొగుడు చెంగల్రాయులు లారీ తోలతాడు.
"నాకేమైందక్కా, గుండు మాదిరి ఉండా" అన్నాడు మొదటిసారి.
రెండోసారి టీ తాగించి పంపించినాడు.
మూడోసారి లారీ కింద దూరి బయటికే రాలేదు,
నేను టైరుతో మాట్లాడి వచ్చినాను.
ఒకనాడు రాత్రి రెండింటప్పుడు
క్రిష్ణగిరి టోల్‌గేటు కాడనుంచి ఫోను:
"అక్కా... ఆ సూది బాగా నొస్తాదా?"

ఎక్కడో చలిదేశంలో పెద్ద సభ జరిగిందంట.
గోడంత తెర మీద దేశాలు,
అందులో మా జిల్లా ఆకుపచ్చ చుక్క.
ఆరోగ్య సిబ్బందిని బలపరచాలన్నారు,
ఆడామగా సమానమన్నారు,
తెలుగు చేసిన కాగితం మా దాకా వచ్చింది.
నాకిచ్చేదాన్ని జీతమనరు, గౌరవ వేతనమంటారు.
ఆ రెండు మాటల్లో ఏదీ నెలనెలా రాదు.

అయినా ఆ సభల్ని చూసి నవ్వను.
అక్కడెవరో బల్ల గుద్ది అడిగినందుకే
సెల్వికందని మందు
ఈ పొద్దు మా బీరువాలో ఉండాది.
గుద్దిన చెయ్యి ఎవరిదో నాకు తెలీదు,
ఈ బెంచీ సంగతి వాళ్లకీ తెలీదు.

దేశమ్మ బిడ్డకు పద్దెనిమిదో నెల పరీక్షలో
ఏమీ లేదని తేలింది.
కాగితం ఒకసారి నాతో చదివించుకుంది,
మళ్లా డాక్టరమ్మతో,
మళ్లా మందుల కిటికీ కాడ అబ్బోడితో.
ఇంటికి పోయి ఖాళీ సీసాలో దూది పీకేసి
నాలుగు చింతగింజలేసి
పిల్లకు గిలక చేసిచ్చింది.
మొన్న బస్సు దిగతాంటే విన్నాను,
చెంగల్రాయులు భుజం మీద పిల్ల,
దాని చేతిలో ఆ సీసా,
బస్టాండంతా గలగల.

మార్చితో ప్రాజెక్టు అయిపోతాదని జాబొచ్చింది.
రిజిస్టరు అప్పగించమన్నారు.
అందులో పేర్లుండవు, నంబర్లే.
ఏ నంబరు ఏ పొద్దు తింటాదో,
ఏ నంబరు ఇంట్లో రాగిపిండి డబ్బాలో మందు దాస్తాదో,
ఏ నంబరుకు ఫోను చేస్తే
మొగుడెత్తుతాడో
రాయడానికి గడుల్లేవు.

రిజిస్టరు బీరువాలో పెట్టినాను.
దాని మీద ఒక దూదిచుట్ట.
తాళం ఎవరికియ్యాలో మాత్రం
ఇంకా ఎవరూ చెప్పలేదు.